పరాయి నగరమున తొలి యేడు



చైనా దేశపు నదులను, పంటలను, జనసంఖ్యను గూర్చి మీరు భూగోళ పాఠములలో చదివియుందురు. ఐతే ఆ దేశపు నగరములో మనవంటి తెలుగు పిల్ల యొకతె దిగినచో మరునాటి ఉదయము ఏమి తినును? కూరగాయలు ఎట్లు కొనును? జ్వరము వచ్చిన ఎవరితో ఏమని చెప్పుకొనును? ఇవి భూగోళ గ్రంథములలో కానరావు. ఈ పాఠమున మేము వానినే చెప్పదలచితిమి.

దీనికి కారణము లేకపోలేదు. జివతి ప్రాంతపు తల్లిదండ్రులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: "సారూ, మహారాష్ట్రల ఉండి తెలుగు చదివిన పిల్లలు రేపు బయట ఎట్ల బతుకుతరు?" ఇది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. బిడ్డ బ్రతుకును గూర్చిన చింత అందున్నది. కావున మాటలతో ఊరడించుటకు బదులు, భాష, లిపి, తిండి, వాతావరణము అన్నియు పరాయివైన ఒక నగరమున క్రొత్తవాడు కుదురుకొను విధమును పరిశీలింతము. అందు సమాధానము దొరకునేమో చూతము.

వుహాన్ నగరము

చైనా మధ్యభాగమున హుబెయ్ రాష్ట్రమునకు వుహాన్ రాజధాని. ఆ దేశపు నదులలో మిక్కిలి పొడవైన యాంగ్‌ట్సీలో హాన్ నది కలియు చోట ఈ నగరము వెలసినది. మన జిల్లాలోని వార్ధా నది వైనగంగతో కలిసి ప్రాణహితయై, కాళేశ్వరమువద్ద గోదావరిలో చేరుట మీరెరిగినదే. అట్టి నదీసంగమమే అచటను కలదు. వూచాంగ్, హాన్‌కౌ, హాన్‌యాంగ్ అను మూడు పట్టణములు ఒక్కటియై వుహాన్ అయినది. నేడు దాని జనసంఖ్య కోటికి మించియున్నది. 1957లో అచట యాంగ్‌ట్సీపై నిర్మింపబడిన వంతెనకు పై అంతస్తున రోడ్డు, క్రింది అంతస్తున రైలుమార్గము కలవు. రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై నున్న రోడ్డు-రైలు వంతెనను చూచినవారికి దాని రూపము వెంటనే తెలియును.

ఈ నగరమునకు తెలుగువారు క్రొత్తవారు కారు. 2020 నాటికి చైనాలో చదువుచున్న భారతీయ విద్యార్థులు 23,000 మందికి పైగా నుండిరి. వారిలో అధికులు వైద్యవిద్యార్థులు. వుహాన్‌లోని కళాశాలలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణముల పిల్లలును ఉండిరి. తిరుపతిలోని కర్మాగారమున పనిచేయుటకు ముందు శిక్షణకై పంపబడిన తెలుగు ఇంజనీర్లును 2019లో ఈ నగరమునకే పోయిరి.

తొలి ముప్పది దినములు

పరదేశి యచట మొదట నేర్చుకొనునది కాలమును లెక్కించుట. చైనా మిక్కిలి విశాలమైన దేశమైనను దేశమంతటికి ఒకే గడియారము. అది మన గడియారముకంటె 2 గంటల 30 నిమిషములు ముందుండును. జివతిలో సాయంకాలము 6 గంటలైనప్పుడు వుహాన్‌లో రాత్రి 8.30 అగును. పొలమునుండి వచ్చి తీరికగా మాటలాడుదమని తండ్రి ఫోను చేయువేళకు కొడుకు నిద్రకు సిద్ధపడుచుండును.

రెండవది నమోదు. హోటలులో గాక వేరొక చోట బసచేయు విదేశీయుడు 24 గంటలలోగా తన వివరములను పోలీసువారికి తెలుపవలెను. దీర్ఘకాలము చదువవచ్చిన విద్యార్థి ప్రవేశించిన 30 దినములలోగా నివాసపు అనుమతికై దరఖాస్తు పెట్టుకొనవలెను. గడువు దాటినచో జరిమానా తప్పదు. కాగితములను జాగ్రత్తగా దాచుకొను అలవాటు చిన్ననాటనే కలుగవలెనని మేము చెప్పుట ఇందులకే.

మూడవది ఫోను. వుహాన్‌లో కూరలమ్మునామె మొదలు రైలు టిక్కెట్టు వరకు చెల్లింపులన్నియు ఫోనులో చతురస్రపు గుర్తును చూపియే జరుగును. ఇది నేడు మన బజారులలోను కానవచ్చుచున్నది, కావున వింత తోచదు. వింత తోచునది మరియొకటి. మనము నిత్యము వాడు వాట్సాప్, యూట్యూబ్, గూగుల్ అచట సాధారణముగా తెరచుకొనవు. అచటివారు వాడు వీచాట్‌ను మన ప్రభుత్వము 2020 జూన్‌లో నిషేధించినది. ఇటు తల్లి చేతిలోని సాధనము అటు పనిచేయదు. అటు బిడ్డ చేతిలోనిది ఇటు పనిచేయదు. ఇంటితో మాటలాడు మార్గమును ప్రయాణమునకు ముందే కుదుర్చుకొనని కుటుంబములు తొలి వారము దిగులుతో గడుపవలసివచ్చును.

బజారు, భోజనము

వుహాన్ ప్రజలు ఉదయపు ఫలహారమును వీథిలోనే ముగించుకొందురు. అచట ప్రసిద్ధమైనది వేడి పొడి సేమ్యా. ఉడికించిన సేమ్యాను రసము లేకుండ నువ్వుల ముద్దతో కలిపి యిత్తురు. నువ్వుల రుచి యెరిగిన మనకు అది అంత పరాయిది కాదు. అన్నమును చిన్న గిన్నెలో పెట్టుకొని, ఆ గిన్నెను నోటివద్దకు ఎత్తి, రెండు పుల్లలతో తినుట అచటి మర్యాద. చేతితో తినుట మన మర్యాద. ఒకటి గొప్ప, మరియొకటి తక్కువ యనుట తెలివిలేని మాట. త్రాగుటకు అచటివారు వేడినీటినే కోరుదురు. ఎండకాలమునను వేడినీటి సీసాను వెంట తీసికొనిపోవు వృద్ధులు కానవత్తురు.

అంగడిలో క్రొత్తవాడు చిక్కుపడు సంగతులు రెండు కలవు. కూరగాయల ధరను అచట కిలోకు చెప్పరు, "చిన్" అను తూకమునకు చెప్పుదురు. చిన్ అనగా 500 గ్రాములు. మన తాతలు వీసెలు, శేరులు లెక్కించినట్లే అచట ఈ పాత తూకము నేటికిని నిలిచియున్నది. దీని నెరుగనివాడు ధర చౌకయని సంతోషించి, తుదకు రెట్టింపు చెల్లించి తెల్లబోవును. రెండవది వ్రేళ్ళ లెక్క. చైనావారు 1 నుండి 10 వరకు ఒక్క చేతితోనే చూపుదురు. బొటనవ్రేలు, చిటికెనవ్రేలు చాచినచో 6. బొటనవ్రేలు, చూపుడువ్రేలు చాచినచో 8. ఈ రెంటిని మనవారు 2 అని భ్రమపడుదురు.

చలి సంగతియు తెలిసికొనవలెను. చైనా ఉత్తరభాగపు నగరములలో ఇండ్లను వెచ్చపరచు ఏర్పాటును నగరపాలకులే చేయుదురు. వుహాన్ ఆ గీతకు దక్షిణమున నుండుటచే అట్టి ఏర్పాటు పూర్వమునుండి లేదు. కావున చలికాలమున గదిలోపలను కోటు విప్పరాదు. వేసవిలోనో ఆ నగరము కొలిమివంటిదని చైనావారే చెప్పుకొందురు. చంద్రపూరు ఎండలను ఓర్చినవానికి ఆ మాట భయము కలిగింపదు.

మాట, స్వరము

ఇపుడు పాఠములో ముఖ్యమైన భాగమునకు వత్తము. చైనా భాషలో ఒకే అక్షరమును నాలుగు స్వరములలో పలికినచో నాలుగు అర్థములు వచ్చును. "మా" అను ధ్వనిని సమముగా సాగదీసిన తల్లి; పైకి లేపిన జనపనార; దించి లేపిన గుర్రము; వేగముగా దించిన తిట్టుట. తల్లిని పిలువబోయి గుర్రమును పిలుచుట అచట సాధ్యమే.

ఇది మనకు బొత్తిగా అర్థముకాని సంగతి యేమి కాదు. మన భాషలో స్వరము మారినచో అర్థము మారకపోవచ్చును, గాని అచ్చు పొడవు మారినచో మారును. "పడు" వేరు, "పాడు" వేరు. మన సరిహద్దు గ్రామములకు క్రొత్తగా వచ్చు తెలుగువారికి ఎదురగు ఉదాహరణ మొకటి చూడుడు. తెలుగులో "చాలు" అనగా ఇక ఆపుమని యర్థము. మరాఠీలో "చాలూ" అనగా సాగుచున్నదని యర్థము. ఒక్క దీర్ఘముతో ఆగుట సాగుట యైనది! చెవిని ఇట్లు సానబెట్టుకొన్న పిల్లలకు క్రొత్త ధ్వనులు త్వరగా పట్టుబడును.

వర్ణమాల చేయు మేలు ఇంకొకటి కలదు. 1958లో చైనా ప్రభుత్వము తమ భాషను రోమను లిపిలో వ్రాయుటకు "పిన్‌యిన్" అను పద్ధతిని ఆమోదించినది. ఆ పద్ధతిలో వ్రాసిన మాటలను ఇంగ్లీషు అక్షరములవలె చదువువారు తప్పుగా పలుకుదురు. ఏలయన చైనా భాషలోని భేదము "క-గ" భేదము కాదు, "క-ఖ" భేదము. "ప-బ" కాదు, "ప-ఫ". "త-ద" కాదు, "త-థ". ఊపిరి తగిలించుటయా, మానుటయా అనునదే తేడా. అల్పప్రాణ మహాప్రాణములని మీరు రెండవ తరగతినుండి వల్లించిన భేదమే ఇది. అంతేకాక "చాప", "చాలు" అను మాటలలో మనము పలుకు దంత్య చకారము చైనా భాషలోను కలదు, మరాఠీలోను కలదు. ఒక భాషను శ్రద్ధగా చదివినవాని నోరు మరియొక భాషకు సగము సిద్ధమైయుండును.

లిపి విషయము వేరు. దానికి అక్షరమాల లేదు. మాటలకు బొమ్మలవంటి గుర్తులు కలవు. చెట్టును తెలుపు గుర్తును రెండుమారులు ప్రక్కప్రక్కన వ్రాసిన తోపు. మూడుమారులు కూర్చిన దట్టమైన అడవి. అన్నియు ఇంత సులభములు కావు. వార్తాపత్రిక చదువుటకు సుమారు 3,000 గుర్తులు తెలియవలెను. చైనా భాషాపరీక్షలో చిరకాలము అమలులోనున్న ఆరు మెట్లలో 4వ మెట్టునకు 1,200 మాటలు కావలెను. దినమునకు పది చొప్పున నేర్చినచో 120 దినములు. మరచిపోవునవి పోగా ఒక సంవత్సరము పట్టునని యనుకొందము. పర్వతమువలె కనబడు పని పదేసి మెట్లుగా విభజించిన ఎక్కదగినదే యగును.

క్రొత్తవానికి అన్నిటికంటె ఎక్కువగా ఉపయోగపడు మాట "థింగ్ పు తోంగ్". దాని యర్థము: వింటిని, గాని బోధపడలేదు. ఈ మాట పలుకుటకు సిగ్గుపడువాడు తల ఊపి మోసపోవును. మరాఠీలో దీనికి సరియైన మాట "మలా సమజలే నాహీ". తహసీలు కార్యాలయమునకు పోయినపుడు మన పెద్దలలో కొందరు ఈ మాట అనుటకు వెనుదీసి, తెలియని కాగితముపై వ్రేలిముద్ర వేసి వచ్చుట మేము చూచియున్నాము. తెలియలేదని చెప్పుట అవమానము కాదు. అది నేర్చుకొనుటకు మొదటి వాక్యము.

పేరులు, వరుసలు

పరాయి నగరమున మనకు చుట్టరికము దొరకు చోటులును కలవు. చైనావారు ఇంటిపేరును ముందు చెప్పి, తన పేరును పిదప చెప్పుదురు. మనమును అట్లే వ్రాయుదుము. మరాఠీవారు వాడుకలో తన పేరు, తండ్రి పేరు, పిదప ఇంటిపేరు చెప్పుదురు. ఈ వరుసల భేదము మన పిల్లల కాగితములలో చిక్కులు తెచ్చుచున్నది కావున, బడి ధ్రువపత్రము, ఆధారు, పాస్‌పోర్టు మూడింటను పేరు ఒకే తీరున నుండునట్లు తల్లిదండ్రులు చూచుకొనవలెను.

వరుసల విషయమున పోలిక మరింత సన్నిహితము. ఇంగ్లీషున అన్నకును తమ్మునికిని ఒకే మాట. చైనా భాషలో అన్నకు వేరు మాట, తమ్మునికి వేరు మాట. అక్కను "చియెచియె" అనియు, చెల్లెలిని "మేయ్‌మేయ్" అనియు పిలుతురు. మేనమామకు, మేనత్తకు సైతము ప్రత్యేకపు మాటలు కలవు. ఇంగ్లీషు వలన గాక తెలుగు వలన ఇది సులభముగా తెలియును. ఐతే మాటలు పోలినంత మాత్రమున ఆచారములు పోలునని తలపరాదు: 1980 నాటి వివాహచట్టము ఆ దేశమున మేనరికమును నిషేధించినది.

ఆపద వచ్చినపుడు

2020 జనవరి 23వ తేదీన, కోవిడ్ వ్యాధి కారణమున వుహాన్ నగరపు రాకపోకలు నిలిపివేయబడినవి. ఏప్రిల్ 8వ తేదీ వరకు ఆ కట్టడి కొనసాగినది. మన ప్రభుత్వము ఫిబ్రవరి 1, 2 తేదీలలో రెండు ఎయిరిండియా విమానములలో 647 మంది భారతీయులను రప్పించినది. తెలుగు ఇంజనీర్లు, విద్యార్థులు వారిలో నుండిరి. జ్వరము కారణమున విమానము నెక్కనీయక నిలిపివేయబడినవారును కొందరు కలరు. ఫిబ్రవరి 27న వాయుసేన విమానము మరి 76 మంది భారతీయులను తెచ్చినది.

మూతపడిన నగరమున, నాలుగు గోడల నడుమ నున్న విద్యార్థి స్థితిని ఊహింపుడు. గోడమీది ప్రకటనను చదువగలుగుట, కాపలావానిని బియ్యము ఎచట దొరకునని అడుగగలుగుట, వైద్యునికి ఒంటిబాధను తెలుపగలుగుట అపుడు ప్రాణమంత విలువైనవి. హాస్టలులో మనవారితోనే కాలము గడపి, మన వంటయే వండుకొని, మన మాటయే మాటలాడుకొనుట హాయిగానే యుండును. ఐతే అట్టివాడు అయిదేండ్లుండియు ఆ నగరమున అతిథియే.

వైద్యవిద్యార్థికి ఇది మరింత నిజము. పాఠములు ఇంగ్లీషున జరుగును. రోగి ఇంగ్లీషున మూలుగడు. తరగతిలో నేర్పు ప్రామాణిక చైనా భాషకును వుహాన్ ముసలివారి మాటకును భేదము కలదు. పుస్తకపు తెలుగునకును మన యిండ్ల తెలుగునకును, పుణె మరాఠీకిని వర్హాడీకిని ఉన్నట్టి భేదమే అది. కావున చెవిని వీథిలోను ఉంచవలెను.

మన ప్రక్కవాడు, డాక్టరు కోట్నిస్

ఇట్లు చెవిని, మనసును తెరచియుంచి చైనాలో నిలిచినవాడు మన రాష్ట్రమువాడే ఒకడు కలడు. తెలుగు చేనేతవారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన షోలాపూరున 1910లో ద్వారకానాథ్ కోట్నిస్ జన్మించెను. 1938లో భారత జాతీయ కాంగ్రెసు పక్షమున చైనాకు పోయిన అయిదుగురు వైద్యులలో అతడొకడు. నాగపూరునకు చెందిన డాక్టరు చోల్కర్ మరియొకడు. వారు కాంటన్ చేరి, అటనుండి పైన చెప్పిన హాన్‌కౌ పట్టణమునకు పోయిరి. 1939లో యేనాన్ చేరిరి. తక్కినవారు ఒకరి వెనుక ఒకరు తిరిగివచ్చిరి, కోట్నిస్ తిరిగిరాలేదు.

అతడు చైనా భాషను మాటలాడుటకే గాక, ఆ భాషలో వైద్యపాఠములు చెప్పుటకును నేర్చెను. 1941లో బెథూన్ అంతర్జాతీయ శాంతి వైద్యశాలకు అధిపతియయ్యెను. "కె తిహువా" అను చైనా పేరు పొందెను. అందలి "హువా" చైనాను తెలుపును. అచటి నర్సు కువో చింగ్‌లాన్‌ను వివాహమాడెను. 1942లో పుట్టిన కుమారునికి "యిన్‌హువా" అని పేరిడిరి. యిన్ అనగా భారతదేశము, హువా అనగా చైనా. ఆ యేడే డిసెంబరు 9వ తేదీన, 32 ఏండ్ల ప్రాయమున, అతడు మూర్ఛవ్యాధితో మరణించెను. షిజియాజువాంగ్ నగరమున అతని స్మారకము నేటికిని నిలిచియున్నది. ఆ పసివాని పేరులో రెండు దేశములు ఒకదాని ప్రక్కన ఒకటి యుండుటను గమనింపుడు. ఒకటి చేరుటకు మరియొకటి తొలగిపోనక్కర లేకపోయెను.

తల్లిదండ్రులకు ఒక మాట

మేము ఎవ్వరిని చైనాకు పొండని ప్రోత్సహించుట లేదు. వైద్యవిద్యకై పంపదలచినవారు 2021 నాటి జాతీయ వైద్య సంఘపు నియమములను మొదట చదువవలెను. చదువు 54 నెలలకు తక్కువ కారాదు. ఆ సంస్థలోనే 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండవలెను. బోధన ఇంగ్లీషున జరుగవలెను. తిరిగివచ్చిన పిదప ఇచట పరీక్షలో నెగ్గి, మరల 12 నెలలు పనిచేయనిదే వైద్యుడుగా నమోదు కాడు. ఈ సంగతులు చెప్పని మధ్యవర్తి మాటను నమ్మి భూమి అమ్ముకొనరాదు. కోవిడ్ కాలమున చైనా విద్యార్థులు రెండేండ్లకు పైగా ఇండ్లలోనే యుండి చదువవలసివచ్చెను; వారికి మరల వీసాలిచ్చుట 2022 ఆగస్టులో గాని మొదలు కాలేదు. రెండు దేశముల నడుమ నేరు విమానములు 2025 అక్టోబరులో తిరిగి ప్రారంభమైనవి.

ఇక మీ ప్రశ్నకు వత్తము. తెలుగు చదివిన పిల్ల బయట ఎట్లు బ్రతుకును? తెలుగును బాగుగా చదివినయెడల, దానినే నిచ్చెనగా వేసికొని మరాఠీని, ఇంగ్లీషును, కావలసినచో చైనా భాషను ఎక్కును. తెలుగును సగము విడిచి, మరాఠీని సగము నేర్చిన పిల్లకు ఏ నిచ్చెనయు ఉండదు. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు చెప్పినది ఇదే. ఐతే ఇంట గెలిచి ఇంటనే కూర్చుండుమని వారు చెప్పలేదు. మరాఠీ గంటలో వెనుక బల్లపై కూర్చుండి కాలము గడపు పిల్లవాడు వుహాన్ హాస్టలులో తలుపు మూసికొన్నవానివంటివాడే.

పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది ఈ కొండలకు వచ్చిన ఉపాధ్యాయులము మేము. మాణిక్‌గఢ్ కొండలలో గోండులు, కొలాములు మనకంటె ముందునుండి నివసించుచున్నారు. వారి వాకిట మనమే పరదేశులము. నోరు మంచిదైన ఊరు మంచిదగునను మాట వుహాన్‌కును వర్తించును, జివతికిని వర్తించును.

అభ్యాసము

1. చిన్ ధర 4 యువానులైనచో 3 కిలోల కూరగాయలకు ఎంత చెల్లించవలెను?

2. క-ఖ, త-థ, ప-ఫ భేదము గల తెలుగు మాటలను మూడేసి వ్రాయుడు. అరచేతిని నోటికెదురుగా పెట్టి పలికి, ఊపిరి తేడాను గమనింపుడు.

3. "చాలు", "చాలూ" వలె వినుటకు ఒకటిగానుండి అర్థము వేరైన తెలుగు, మరాఠీ మాటలను మీ యింటి పెద్దల నడిగి సేకరింపుడు.

4. అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు, మేనమామ, మేనత్త అను వరుసలను మరాఠీలోను, గోండీలోను ఏమందురో ఆ భాషల సహపాఠులనే అడిగి వ్రాయుడు. అడుగునపుడు వారి భాషలోనే అడుగుటకు ప్రయత్నింపుడు. అర్థము కానిచోట, అర్థము కాలేదని చెప్పుడు.